పురుగు ముట్టింది

"తీసెయ్యి వినీతా. నాకింకో మాట చెప్పకు. తీసెయ్యి."

పొద్దున్నుంచి మల్లికార్జున్ ఈ మాట ఎన్నిసార్లన్నాడో ఆ గోడలకే తెలియాలి. స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, కారు తాళాలు పట్టుకుని వంటింటి గడప మీద నిలబడ్డాడు. వినీత పొయ్యి ముందే ఉంది గానీ పొయ్యి వెలగలేదు. ఫోను చేతిలో ఉంది గానీ చూపు దాని మీద లేదు.

"నేను నెట్‌ల చూసిన. ఇయ్యాల మాపటి వరకైతే అందరి ఫోన్లలకెళ్ళి పోతది. రేపైతే నువ్వు తీద్దామన్నా తీయరాదు."

"తీస్తే అఖిలేష్ లేచొస్తడా మల్లీ?"

"ఉంచితే వస్తడా మరి?"

చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో కొట్లాటలు ఇట్లాగే ఉంటాయి. గిన్నెలు ఎగరవు, గొంతులు లేవవు, పక్కింటివాళ్ళ చెవిన పడదు. కానీ మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ మెతుకు గొంతు దిగలేదు.

తీసెయ్యమన్నది ఎంతని? రెండే రెండు వరుసలు. జిల్లాలో ఎమర్జెన్సీ వార్డుల డాక్టర్లంతా కలిసి ఫోనులో పెట్టుకున్న గ్రూపులో, మొన్న పొద్దున వినీత తన వేలితో తానే కొట్టిన వరుసలు. 'అలర్జీలా ఉంది, అవిల్ సూది వేసి గమనిస్తూ ఉండండి' అని మొదటిది. 'దయచేసి వాయిస్ మెసేజ్‌లు పెట్టకండి' అని రెండోది.

ఆ రెండు వరుసలు నమ్ముకున్న చోట మల్లికార్జున్ మేనమామ సాయన్న ఒక్కగానొక్క కొడుకు అఖిలేష్ ప్రాణం పోయింది. ఆ సంగతి సాయన్నకు తెలియదు. ఇవాళ మూడోరోజు. కాలువ గట్టున పిట్టకు పెట్టాలి, పోయినవాడి పేర కాకికి ముద్ద ముట్టించాలి. మొగుడూపెళ్ళాలిద్దరూ అక్కడికే బయల్దేరాలి.

"నాయిన సచ్చిపోయిన్నాడు నాకు తొమ్మిదేండ్లు," అన్నాడు మల్లికార్జున్. గొంతు తగ్గించాడు. "సాయన్న మామ నన్ను బుజాల మీద ఎత్తుకోని వాళ్ళింటికి తీస్కపోయిండు. చెరుకు అమ్మి చదివిచ్చిండు. గిప్పుడు పోయి ఆయన ముంగట నిలవడి, మామా, నీ కొడుకు నా పెండ్లాం మాటతోని పోయిండని చెప్పాల్నా నేను?"

"నువ్వు చెప్పకు. నేను చెప్త."

"అట్లనా! చెప్పు. చెప్పి ఆ ఇంటి గడప నాకు లేకుండ చెయ్యి."

వినీత ఫోను గట్టు మీద బోర్లించింది. అతని మీద కోపం రాలేదామెకు. వస్తే కొంత నయంగా ఉండేది. భయపడే మనిషిని చూసి ఎట్లా కోపగించుకుంటాం? ఆమెకూ అదే భయం.

* * *

గ్రూపు మొదలుపెట్టింది వినీతే. నిజామాబాద్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి ఎమర్జెన్సీలో పని ఆమెకు. చిన్న ఊళ్ళ దవాఖానల సంగతి ఆమెకు బాగా తెలుసు. ఒక్క డాక్టరు, ఒక్క నర్సు, ఎదురుగా పోతున్న ప్రాణం, అడుగుదామంటే పక్కన మనిషి ఉండడు. ఆ ఒంటరితనం తీరాలని గ్రూపు పెట్టింది. భీమ్‌గల్‌లో గుట్ట ఎక్కుతూ కూలబడ్డ ముసలాయన గుండె గీతల కాగితం ఫోటో తీసి పెడితే, చాయ్ చల్లారేలోపు నలుగురు జవాబు చెప్పేవాళ్ళు. కమ్మర్‌పల్లిలో పసుపు ఉడకబెట్టే కడాయిలో చెయ్యి పడ్డ ఆడమనిషికి ఏ సెలైను ఎంత ఎక్కించాలో గ్రూపే చెప్పింది. బతికినవాళ్ళు ఎందరో. వాళ్ళెవరికీ ఇట్లాంటి గ్రూపు ఒకటుందని కూడా తెలియదు.

దానికి కట్టుబాట్లు పెట్టిందీ వినీతే. పేషెంటు పేరు రాయొద్దు. ఇంగ్లీషులో, పొట్టిగా రాయాలి. వాయిస్ పెట్టొద్దు, వినే తీరిక ఎవరికుంది? ఈ మూడోదానికి అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి మరీ మెచ్చుకున్నారు.

మొన్న పొద్దున ఆమె జొన్నపిండి పిసుకుతోంది. పెనం కాగింది. ఫోను మోగింది. బోధన్ అవతల, చెరుకుతోటల నడుమ ఉన్న చిన్న దవాఖాన నుంచి నితీష్ అనే కొత్త డాక్టరు రాశాడు. ఇరవై రెండేళ్ళ మగమనిషి, ఇన్సెక్ట్ బైట్, కడుపునొప్పి, వాంతులు, వాపు లేదు. తల్లి మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు, వాయిస్ పెడుతున్నా, దయచేసి వినండి.

వినీత వినలేదు. పిండి చేతి చిటికెన వేలితో ఆ రెండు వరుసలూ కొట్టి, రొట్టె తిరగేసింది.

కాసేపటికి నితీషే ఫోన్ చేశాడు. "మేడం, పేషెంటు కళ్ళు తెరవట్లేదు. ఊపిరి సరిగ్గా అందట్లేదు. ఎక్కడా కుట్టిన మచ్చ కూడా లేదు మేడం. వాళ్ళమ్మ మాత్రం పురుగు ముట్టింది, పురుగు ముట్టింది అంటూనే ఉంది..."

వినీత చేతిలోంచి అట్లకాడ జారిపోయింది.

"పామురా అది! పాము! పాము మందు ఎక్కియ్యి! గొంతుల గొట్టం వెయ్యి!"

చెరుకు దిక్కు గానీ, పసుపు దిక్కు గానీ, పాము కరిచిందని ఎవరూ అనరు. పేరెత్తితే అదే విని వస్తుందని భయం. కరిచింది అంటే కీడు. అందుకని పురుగు ముట్టింది అంటారు, అదీ గొంతు తగ్గించి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నితీష్‌కు పురుగంటే పురుగే. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాశాడు. భీమ్‌గల్ పసుపుచేలల్లో పెరిగిన వినీత ఆ రెండు మాటలూ వాళ్ళ అవ్వ నోట ఎన్నిసార్లు విన్నదో లెక్కే లేదు. ఒక్కసారి, ఒక్కసారి ఆ వాయిస్ నొక్కి ఉంటే!

కట్లపాము కాటుకు వాపుండదు, మచ్చా కనపడదు. నేల మీద పడుకున్నవాణ్ణి నిద్రలోనే అంటి పోతుంది. పొద్దున కడుపునొప్పితో లేస్తాడు. తర్వాత రెప్పలు వాలతాయి, ఆ తర్వాత ఊపిరి. విరుగుడు మందు ఆ దవాఖాన ఫ్రిజ్‌లోనే ఉంది. ఎక్కించేసరికి ఆలస్యమైంది. నిజామాబాద్ తెస్తుంటే అంబులెన్సులోనే అయిపోయింది. పరుగున ఆస్పత్రికి చేరి, వాకిట్లో అంబులెన్సు తలుపు తెరిచిన వినీతకు స్ట్రెచర్ మీద కనపడింది ఎవరో ఇరవై రెండేళ్ళ మగమనిషి కాదు. తనను 'డాక్టరక్కా' అని పిలిచి, దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కే అఖిలేష్.

* * *

కారు బోధన్ దాటింది. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం వెనక్కి పోయింది. వాన వెలిసిన పొలాల్లో చెరుకు మనిషెత్తు పెరిగి ఉంది.

ఫోన్ మోగింది. రామకోటేశ్వరరావు. ఆయనది కాలువ కింద కౌలు కోసం కృష్ణా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. బోధన్ దగ్గర ఆయనకు పాత నర్సింగ్‌హోమ్ ఉంది. గ్రూపులో అందరికంటే పెద్ద డాక్టరు ఆయనే.

"ఏమ్మా వినీతా, ఎక్కడున్నావ్?"

"దారిలున్న సార్. పోతారం పోతున్నం."

"ఊఁ. చూడమ్మా, నే చెప్పేది కాస్త నిదానంగా విను. నిన్నటి నుంచి పదిహేను మంది గ్రూపు వదిలేశారు. మిగిలినవాళ్ళు నోరు మెదపట్లేదు. ఈ గొడవ ముదరకముందే గ్రూపు మూసేద్దామనుకుంటున్నాను. ఇవాళ నువ్విరుక్కున్నావ్, రేపు నేనిరుక్కుంటాను."

"మరి నితీష్ సంగతేంది సార్?"

"వాడి మీద ఎంక్వైరీ వేశారుగా. చిన్న కుర్రాడు, ఎక్కడికో బదిలీ చేస్తారు, అంతేగా. నీకు సంసారం ఉంది, పేరుంది. మెల్లిగా తీసెయ్యమ్మా. ఎవరూ ఏమనుకోరు."

"గ్రూపు మూస్తే, పురుగు ముట్టింది అంటే ఏందో ఆ పిల్లలకు ఎవరు చెప్తారు సార్? రేపు ఇంకో దవాఖానల ఇంకో తల్లి అదే మాట అంటది. అప్పుడు?"

"అది వేరే సంగతమ్మా."

"అదే సంగతి సార్."

ఆయన నిట్టూర్చి పెట్టేశాడు. మల్లికార్జున్ స్టీరింగ్ మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు. "అంత పెద్దమనిషి చెప్పిండు గదా! నీకెందుకు ఎక్కదు?"

వినీత ఫోనులో ఇంకో మెసేజ్ కూడా ఉంది. రాసి పంపకుండా ఆపింది. 'ఇక నుంచి పేషెంటు మనుషులు ఏ మాట అన్నారో ఆ మాటే, తెలుగులోనే, అన్నదన్నట్టు రాయండి. వాయిస్ పంపండి. నేను వినలేదు కాబట్టి ఒక మనిషి పోయాడు.' చివరి వాక్యం తీసేస్తే పంపడం ఎంతసేపు? కానీ అది తీసేస్తే మిగిలింది నితీష్ తప్పు అవుతుంది. మూడు రోజులుగా మింగలేక కక్కలేక అట్లాగే పెట్టుకుంది.

మళ్ళీ మోగింది. ఈసారి నితీష్.

"ఎత్తకు," అన్నాడు మల్లికార్జున్.

ఎత్తింది.

"మేడం, మీరు ఇవాళ వాళ్ళింటికి పోతున్నారంట కదా. ఆ అమ్మకు ఒక్క మాట చెప్తారా? నేను కావాలని చెయ్యలేదని. నిజంగా నాకా మాట తెలీదు మేడం."

"ఎక్కడున్నవ్ నితీష్?"

"క్వార్టర్‌లోనే. బయట నుంచి తాళం వేయించుకున్నా. లోపల ఎవరూ లేరనుకుంటారని. మొన్న అద్దాలు పగలగొట్టారు కదా. మేడం, మీరేం భయపడకండి. గొడవయ్యాక నేను ఎవ్వరికీ మీ పేరు చెప్పలే. ఎంక్వైరీలో కూడా."

"ఎందుకు చెప్పలే?"

"ఏమో మేడం. నాకు ఇక్కడ ఎవరూ లేరు. ఏం తెలియకపోయినా మిమ్మల్నే అడిగేవాణ్ణి. మీరు కూడా పోతే..." ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

వినీతకు సిగ్గేసింది. తనకంటే పదేళ్ళు చిన్నవాడు, తాళం వేసిన గదిలో కూర్చుని తన పేరు కాపాడుతున్నాడు. తను కారులో కూర్చుని చావుకు పరామర్శకు పోతోంది.

* * *

పోతారంలో సాయన్న ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. మగవాళ్ళు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. వినీతను చూడగానే సాయన్న లేచి ఎదురొచ్చాడు. నిటారుగా ఉండే మనిషి, మూడు రోజుల్లో నడుం వంగిపోయింది. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"అచ్చినవా బిడ్డా. నిన్ను సూస్తె కడుపు తరుక్కపోతున్నది. నువ్వసొంటి డాక్టరు ఇంట్ల వెట్టుకోని, వాన్ని ఆ దిక్కుమాలిన దవాఖానల పండవెడ్తిమి. ముందుగాల్నే నీ కాడికి తెస్తె బతుకుతుండె గదా బిడ్డా?"

మల్లికార్జున్ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"బండి మాట్లాడిన నేను," అన్నాడు సాయన్న, ఎన్నోసారో చెబుతున్నట్టు. "డ్రైవర్ సుత తయారైండు. నిజామాబాద్ తీస్కపోదం, వినీత ఉన్నది అన్న. ఆ డాక్టర్‌గాడు మీ అత్తకు ఏం నూరిపోసిండో ఏమో, బండి వద్దన్నది. ఏం గాదట, ఉండనియ్యమన్నది. అడుగుదమంటె ఇప్పుడు నోరిప్పుతలేదు."

ఆయన భార్య చంద్రవ్వ లోపలి అర్రలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె నోట మాట లేదు. ఏడుపూ లేదు. ఆడవాళ్ళు దగ్గర కూర్చుని శోకం తీస్తుంటే కూడా రెప్ప వెయ్యలేదట. మతి తప్పిందని కొందరు, దేవుడు నోరు కట్టేశాడని కొందరు అనుకుంటున్నారు.

వినీత దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "అత్తమ్మా," అంది.

చంద్రవ్వ తల తిప్పి చూసింది. ఆ చూపు ఆమె మొహం మీదే నిలబడిపోయింది. ఏదో అడుగుతున్నట్టుంది. వినీత తట్టుకోలేక చూపు దించుకుంది.

"జర నీళ్ళన్న తాగుతవా అత్తమ్మా?"

చంద్రవ్వ మళ్ళీ గోడ వైపు తిరిగింది.

* * *

నిజాంసాగర్ కాలువ పిల్లకాలువ దగ్గర, తూము పక్కన విస్తరాకు వేశారు. అన్నం, కోడికూర, రెండు జొన్నరొట్టెలు, గ్లాసులో చాయ్, వాడికి ఇష్టమని పక్కనే ఒక బిస్కట్ పొట్లం. అందరూ పది అడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు.

కాకి వచ్చింది. తూము ఇనుప చక్రం మీద వాలింది. ఆకు వైపు చూసింది. దిగలేదు.

"రా కొడుకా, రా," అన్నాడు సాయన్న. "నీకు ఇష్టమైనయే అండినం. రా."

దిగలేదు. రెక్కలు దులుపుకుని అక్కడే కూర్చుంది.

వరసకు పెద్దవాడైన బాలనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "పోరనికి ఏందో కొరవున్నది. ఎవలన్న మొక్కుండ్రి. ఏం జేస్తరో జెప్పుండ్రి, అప్పుడు ముడ్తది."

మల్లికార్జున్ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "అఖిల్, మామను అత్తను నేను చూసుకుంట. నా కన్నతల్లిదండ్రుల లెక్క చూసుకుంట. నువ్వు రంది వెట్టుకోకు."

కాకి కదల్లేదు.

"సగంల ఆగిన నీ బోరు పని నేను పూర్తి జేపిస్త," అన్నాడు ఎవరో. "నీ దోస్తులం ఉన్నం," అన్నారు ఇంకెవరో. కాకి ఇటు మెడ తిప్పింది, అటు తిప్పింది, అంతే. ఎండ చురుక్కుమంటోంది. ఆకులో అన్నం ఎండిపోతోంది. ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు.

వినీత డాక్టరు చదువు చదివింది, కాకి సంగతి ఆమెకు తెలియదా? ఇంతమందిని చూసి బెదిరింది, అంతే. అయినా లోపల్నించి ఒక గొంతు పోరుతూనే ఉంది. చెప్పు, ఇప్పుడైనా చెప్పు, వాడు వినాలని కూర్చున్నది ఆ మాటే. ఒక అడుగు ముందుకు వేసింది.

మల్లికార్జున్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా.

ఇంతలో సాయన్న రెండు చేతులూ పైకెత్తాడు.

"కొడుకా! నాకెరుకైంది. నువ్వేం అడుగుతున్నవో నాకెరుకైంది! నిన్ను సంపిన ఆ డాక్టర్‌గాన్ని ఇడిసిపెడ్తననుకున్నవా? ఇయ్యాల్నే, నీ ఆకు మీద ఒట్టు, వాన్ని ఆ దవాఖానకెళ్ళి గుంజుకొచ్చి ఈ కాలువల ముంచుత. గిప్పుడన్న ముట్టు కొడుకా!"

కాకి చక్రం మీద నుంచి దిగింది. రెండు గంతులు వేసి, రొట్టె అంచు ముక్కున కరుచుకుంది.

"ముట్టింది!" అని అరిచాడు బాలనర్సయ్య. "పిట్ట ముట్టింది!"

ఒక్కసారిగా ఏడుపులు, కేకలు. "సూసిండ్రా? గదే అడిగిండు నా కొడుకు! గదే అడిగిండు!" అంటూ సాయన్న గట్టెక్కాడు. వెనక పడుచువాళ్ళంతా లేచారు. ఒక బండి స్టార్టయింది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. చెరుకు నరికే కత్తి ఎవరి చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు.

దవాఖాన, దాన్నానుకుని నితీష్ ఉండే క్వార్టర్, అక్కడికి కూతవేటు దూరం. బయట తాళం వేసి ఉన్న గదిలో, లోపల ఎవరూ లేరనుకుంటారన్న ఆశతో కూర్చున్నవాడు వినీత కళ్ళముందు మెదిలాడు. బయట తాళం ఉంటే వాడు పారిపోదామన్నా పారిపోలేడు!

"ఆగుండ్రి!"

మొగుడి చెయ్యి విదిలించుకుని గట్టు మీదికి పరిగెత్తింది. సాయన్న బండికి అడ్డం నిలబడింది.

"అడ్డం రాకు బిడ్డా. ఇది మొగోళ్ళ ముచ్చట."

"మామా, ఒక్కటి ఇను. ఇది ఇని పో. నేను ఆప."

ఫోను తెరిచింది. మూడు రోజుల్లో ఎన్నిసార్లు ఆ వాయిస్ మీదికి వేలు తెచ్చి వెనక్కి తీసుకుందో. ఇప్పటిదాకా ఆమె కూడా వినలేదు. కళ్ళు మూసుకుని నొక్కింది.

ముందు గరగర చప్పుడు. ఎక్కడో బకెట్ శబ్దం. ఆ తర్వాత చంద్రవ్వ గొంతు, ఆయాసపడుతూ.

"పురుగు ముట్టింది సారూ. పొలం కాడ కొట్టంల కిందనే పండిండు. పొద్దుగాల కడుపుల నొస్తున్నదని లేసిండు. మా దిక్కు గిట్లనే అయితది సారూ, ఏం కానరాదు. పురుగే ముట్టింది, నీ బాంచెన్, జర మంచిగ సూడు..."

దాని వెనక ఇంకో గొంతు. నిద్రమత్తు గొంతు, నవ్వబోతున్న గొంతు.

"ఊకోయే అవ్వా. ఏం గాలే. కండ్లు మూతలు వడ్తున్నయ్, గంతే."

టక్కున ఆగిపోయింది.

గట్టు మీద ఒక్కరు కదల్లేదు. బండ్లు మాత్రం మోగుతున్నాయి. సాయన్న నోరు తెరిచి ఫోను వైపు చూస్తున్నాడు. కొడుకు అందులోంచి మళ్ళీ పిలుస్తాడేమో అన్నట్టు చూస్తున్నాడు.

"గిది... నీ ఫోన్ల కెట్లొచ్చింది బిడ్డా?"

"ఆ డాక్టర్ నాకే పంపిండు మామా. మీరు దవాఖానల ఉన్నప్పుడే పంపిండు. అర్థమైతలేదు, ఇనుండ్రి మేడం అని అడిగిండు." వినీత ఆయన కళ్ళలోకి చూసింది. "నేను ఇనలే. రొట్టెలు చేస్కుంట, ఇనకుండనే సూది రాసిన. ఇంటే నాకు మొదటి మాటకే తెలుస్తుండె. అత్తమ్మ గొంతు సుత గుర్తువడ్తుండె. ఆ పిలగానిది తప్పు లేదు. నాది. కొడితే నన్ను కొట్టు మామా."

మల్లికార్జున్ కాలువ గట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

సాయన్నకు మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమైన కొద్దీ మొహం నల్లబడింది. బండి దిగాడు. ఒక అడుగు వేశాడు. ఆమె నెత్తి మీద పొద్దున చెయ్యి పెట్టిన మనిషే, అదే చెయ్యి లేపాడు.

"దాన్నేమనకు."

అందరూ వెనక్కి తిరిగారు. మూడు రోజుల తర్వాత చంద్రవ్వ నోరు తెరిచింది. ఆడవాళ్ళను తప్పించుకుని, కొంగు నేల మీద పడి ఈడ్చుకుపోతుంటే అట్లాగే గట్టెక్కింది.

"నాకెరుకే," అంది వినీతతో. "ఆ పొద్దే ఎరుక. సూది వేసెటప్పుడు ఆ సారే జెప్పిండు. అవ్వా, భయపడకు, నిజామాబాద్ వినీత మేడం చూసిండ్రు, ఏం గాదన్నరు అని. నీ పేరు ఇనంగనే నా పానం నిమ్మలపడ్డది బిడ్డా. మీ మామ బండి తెస్తనంటె వద్దన్న. వినీతనే సూసింది, ఇగ బండెందుకు అన్న. నా కొడుకు పక్కన కూసోని నిమ్మలంగ చాయ్ తాగిన."

"అత్తమ్మా..."

"నువ్వు ఇనలే. నేను నమ్మిన. నువ్వెప్పుడు జెప్తవో అని మూడొద్దుల సంది ఎదురు సూస్తున్న, పొద్దుగాల నీ మొఖమే సూసిన." ఆమె చెయ్యి చాచింది. కొట్టడానికి కాదు. ఫోను కోసం. "ఇంకోసారి వెట్టు. వాడు మాట్లాడింది ఇంకోసారి వెట్టు బిడ్డా."

వినీత నొక్కింది. బకెట్ చప్పుడు, పురుగు ముట్టింది సారూ, ఆ తర్వాత ఆ నిద్రమత్తు నవ్వు. ఏం గాలే అవ్వా. చంద్రవ్వ ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకుని, అప్పుడు, అప్పుడు ఏడ్చింది.

సాయన్న లేపిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. కోడలి వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. దవాఖాన ఉన్న దిక్కు చూశాడు. వెనక పడుచువాళ్ళు బండ్లు బంద్ చేయకుండా ఆయన మాట కోసం చూస్తున్నారు.

"ఆకు మీద ఒట్టేసిన," అన్నాడు. "పిట్ట సుత ముట్టింది. మరి గిప్పుడు నేను ఎవల మీదికి పోవాలె? చెప్పుండ్రి."